సోమసూత్రం పక్కన కనకాంబరాలు

నాకు నోరు ఎక్కువ. ఈ మాట మా అత్తగారు అనేవారు, ఆఫీసులో సూపరింటెండెంటు అనేవాడు, గుడి కమిటీ వాళ్ళు ఇప్పటికీ అంటారు. మా ఆయన మాత్రం అనరు. ఆయన అసలు ఏమీ అనరు. హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ చివర ఉన్న చిన్న శివాలయానికి ఆయన పూజారి. తండ్రి తరవాత తను, ముప్పై ఏళ్ళు దాటింది. పొద్దున్నించీ మంత్రాలు చదివీ చదివీ ఇంట్లోకి వచ్చేసరికి మాటలు అయిపోతాయేమోనని నేను వెక్కిరిస్తుంటాను. దానికీ బదులుండదు.

ఆ నోటివల్లే ఒకసారి నలుగురిలో ఇరుక్కుపోయాను. ఎట్లా బయటపడ్డానో చెబుదామని ఇది రాస్తున్నాను. బయటపడటమే కాదు, గెలిచాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గెలిచిన మాటను చివరిదాకా దాచిపెట్టేంత ఓపిక నాకు లేదు.

గుడి వెనక ఒక పెరడు ఉంది. మూలన పెద్ద చింతచెట్టు, గోడవారగా రెండు వేపలు, నడుమ ఒక మేడి. ఇవి చాలవన్నట్టు దక్షిణం వైపు గోడ అవతల నాలుగంతస్తుల బిల్డింగు లేచింది. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ కూర్చుని పేపరు చదవాలంటే కళ్ళు చిట్లించాలి. బయట రోడ్డు మీద తారు కరుగుతున్న రోజున కూడా ఆ మట్టి మీద కాలు పెడితే చల్లగా ఉంటుంది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో గుడినంటుకుని ఉన్న రెండు గదుల్లో మేము ఏడుగురం ఉండేవాళ్ళం. ఏడవాలన్నా, తల ఆరబెట్టుకోవాలన్నా, పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకోవాలన్నా నాకు ఆ పెరడే దిక్కు. తరవాత నయాపూల్ దగ్గర కోర్టు రికార్డు సెక్షనులో ఉద్యోగం వచ్చింది. పగలంతా పాత ఫైళ్ళ దుమ్ములో గడిపి, సాయంత్రం నడుచుకుంటూ వచ్చి, ఇంట్లోకి పోకముందు మేడి కింది రాతి మీద ఒక పావుగంట కూర్చునేదాన్ని. ఆ పావుగంట లేకపోతే ఇంటి చాకిరీ, ఆఫీసు చాకిరీ అన్నేళ్ళు మోసేదాన్ని కాదు. మేము సొంత ఇల్లు కట్టుకోలేదు. ఉన్నది దేవుడి ఇల్లు. అందులో నాది అనిపించిన చోటు అదొక్కటే.

రిటైరయ్యాక ఆ పెరడును పూలతోట చేద్దామని పట్టుపట్టాను. గులాబీలు పెట్టాను. అవి ఎండను వెతుక్కుంటూ సన్నగా పైకి సాగాయే తప్ప ఒక్క మొగ్గ వేయలేదు. చామంతులు కుళ్ళిపోయాయి. మల్లెతీగ తెలివైనది. నా పందిరిని వదిలేసి గోడెక్కి, అక్కణ్ణించి పైపు పట్టుకుని, మూడో అంతస్తు వాళ్ళ బాల్కనీలోకి పోయి అక్కడ విరగబూసింది. వాళ్ళు రోజూ మాల కట్టుకుని నాకు కనిపించేట్టు తల దువ్వుకునేవాళ్ళు. రెండేళ్ళు ఇదే వరస. గల్లీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల మండేది.

ఇక కమిటీ ప్రెసిడెంటు సంగతి. ఆయనకు బేగంబజార్లో స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. మనిషి మంచివాడే. గుడికి ఏ అవసరం వచ్చినా ముందు నిలబడతాడు. కానీ ఏళ్ళ తరబడి గిన్నెలు తుడిచి అమ్మినవాడు కదా, మెరవని వస్తువు ఏదీ ఆయన కంటికి ఆనదు. రెండేళ్ళ కిందటి శివరాత్రి అయ్యాక మీటింగు పెట్టి, వెనక పెరడంతా టైల్స్ పరిపించి, వేపకొమ్మలు కొట్టించి, పైన రేకులు వేయిద్దామన్నాడు. అన్నదానాలకు, చిన్న ఫంక్షన్లకు పనికొస్తుందన్నాడు. అందరూ తలలూపారు. మా ఆయన చాప అంచులోంచి ఒక పుల్ల లాగుతూ కూర్చున్నారు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయాను.

"పువ్వు పూయని పెరడు ఏం పెరడు అక్కా? మట్టి, ఆకులు, దోమలు. టైల్స్ ఏస్తే నలుగురు కూసుంటరు," అన్నాడు ప్రెసిడెంటు నన్ను చూసి, ఊరడిస్తున్నట్టుగా.

ఆ ఊరడింపు నాకు నచ్చలేదు. గ్లాసులు కింద పెట్టి అన్నాను: "పూస్తది అన్నా. వచ్చే కల్యాణానికి అమ్మవారి మాల ఈ మట్టిల పూసిన పూలతోనే కట్టిపిస్త. కట్టియ్యకపోతే మీ టైల్స్ మీద మొదటి ముగ్గు నేనే ఏస్త."

ప్రెసిడెంటు వ్యాపారి. బేరం ఎక్కడ ముగించాలో ఆయనకు తెలుసు. సరే, కల్యాణం దాకా ఆగుతామన్నాడు. కానీ మాలలో బజారు పువ్వు ఒక్కటి కలిసినా ఒప్పుకోమన్నాడు. కల్యాణం మా గుడిలో శివరాత్రి మర్నాడు పొద్దున జరుగుతుంది. అంటే నాకు సరిగ్గా ఏడాది ఉంది.

ఆ రోజు అన్నం తింటూ మా ఆయన ఒకే ఒక్క మాట అడిగారు. "ఏ పువ్వు?"

నేను ఇంకో గరిటె చారు పోసి లేచాను.

మర్నాడు పెరడంతా గాలించాను. చింతచెట్టు వెనక మూలకు ఎవరమూ పోము. గల్లీ వాళ్ళు విరిగిన దేవుడి పటాలు, చెయ్యి ఊడిన విగ్రహాలు తెచ్చి అక్కడ చెట్టు మొదట్లో పెట్టిపోతారు. పారేస్తే పాపం, ఇంట్లో ఉంచితే అరిష్టం, అందుకని. వాటిని ముట్టడానికి భయపడి ఆ మూలను నేనే కాదు, మా అత్తగారు కూడా ఊడ్చి ఎరగరు. ఆ పటాల నడుమ మోకాలెత్తు మొక్క ఒకటి కనిపించింది. ముదురాకుపచ్చ ఆకులు, పైన రెండు కంకులు, కంకికి నాలుగైదు నారింజరంగు పూలు. కనకాంబరం. ఎన్నేళ్ళుగా పూస్తోందో, నేను చూడలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

గుడి గేటు పక్కన గోనెసంచి పరుచుకుని పూలమ్మే ఆమెను పిలుచుకొచ్చి చూపించాను. ఏటా కల్యాణం మాల కట్టేది ఆమే. మొక్క ముందు గొంతుక్కూర్చుని ఆకు తిప్పి చూసింది.

"గిది నాటుది అమ్మా. మేం అమ్మే ఢిల్లీ రకానికి గింజ పట్టది, కొమ్మలు గుచ్చాలె. దీనికి గింజ ఉంటది. అడివిల చెట్ల కింద పూసేది గిది. మా అమ్మగారి ఊర్ల గుట్ట కింద మస్తు ఉంటుండె. ఎండ ఎక్కువైతే దీనికే కష్టం."

నీడ కావాలని అడిగే పువ్వు. నాకైతే ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. తోట పూస్తే నీ మాల బేరం పోతుంది కదా అన్నాను. పూయించేది నువ్వయితే కట్టేది నేనే, కూలి ఇవ్వకుండా ఎక్కడికి పోతావని ఆమె నవ్వింది.

ఇంట్లో చెబితే మా ఆయన, వాసన లేని పువ్వు అమ్మవారికి పెట్టరంటారే అన్నారు. మందారానికి ఏం వాసన ఉందని రోజూ పెడుతున్నారని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి మంచినీళ్ళు తాగారు. మా ఇంట్లో అది ఒప్పుకోవడం.

ఎండిన కాయలు కోసుకొచ్చాను. ఇక్కడొక తెలివితక్కువ పని చేశాను. బియ్యమైనా పప్పయినా కడగనిదే ముట్టని చెయ్యి కదా, కాయల్ని కూడా గిన్నెలో వేసి నీళ్ళు పోశాను. క్షణం తరవాత టప్‌మని ఒకటి పేలింది. ఆ వెనక మరొకటి. వంటిల్లంతా గింజలు. పొయ్యి మీద, అటక మీద, పప్పు డబ్బాలో, నా జుట్టులో. తడి తగిలితే కాయ పగిలి గింజను విసురుతుందని, తొలివానకు ఆ మొక్క తన విత్తనం తానే చల్లుకుంటుందని పూలామె తరవాత తీరిగ్గా చెప్పింది. మోకాళ్ళ మీద పాకుతూ డెబ్భై గింజల దాకా ఏరాను.

పాల ప్యాకెట్లలో మట్టి నింపి నాటాను. జ్యేష్ఠంలో మొలిచాయి. శ్రావణం వానల్లో నలభై రెండు మొక్కలు నేలలోకి మార్చాను. వాటికి పెరట్లో అన్నిటికన్నా మంచి చోటు ఇచ్చాను. సోమసూత్రం పక్కన.

గర్భగుడిలో శివుడికి చేసిన అభిషేకం ఉత్తరపు గోడలో ఉన్న రాతి తూము నుంచి బయటికి వస్తుంది. అదే సోమసూత్రం. ఆ నీళ్ళను తొక్కకూడదు, దాటకూడదు. ప్రదక్షిణ చేసేవాళ్ళు అక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్ళుతారు. మామూలు రోజుల్లో చెంబెడు నీళ్ళు, ఒక గ్లాసు పాలు, అంతే. కార్తీకం వస్తే వేరు. తెల్లవారుజాము నుంచి జనం. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర, కొబ్బరినీళ్ళు. తూము ఆగకుండా కారుతుంది. కారి పెరడంతా మడుగు కడుతుంది. ఎవరి కాళ్ళ కింద పడుతుందోనని ఏటా అదొక బెంగ.

ఆ ఏడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. అమ్మవారి కోసం పూసే మొక్కలకు అయ్యవారి తీర్థం కంటే మంచి ఎరువు ఏముంటుంది? తీర్థం తొక్కే పాపం తప్పుతుంది, మొక్కలకు బలమూ వస్తుంది. చిన్న పార తీసుకుని తూము దగ్గర్నుంచి ప్రతి మొక్క మొదలుకూ కాలువ తీశాను. పొద్దున్నే తెల్లటి నీళ్ళు ఒక్కో పాదులోకి పారుతుంటే నిలబడి చేతులు జోడించేదాన్ని. ఇంత పుణ్యం తాగిన మొక్క పూయకపోతే చూస్తానని పూలామెతో కూడా అన్నాను.

మూడో వారానికి ఆకులు పసుపు తిరిగాయి. చీమలు బారులు కట్టాయి. కణుపుల్లో దూదిలాంటి తెల్లటి పురుగు చేరింది. ఒక మొక్కను పట్టుకుంటే మొదలు దగ్గర నల్లబడి చేతిలోకి ఊడి వచ్చింది. మర్నాడు మరో నాలుగు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నేను తిట్టనివాళ్ళు లేరు. బిల్డింగు వాళ్ళ సబ్బునీళ్ళు దిగుతున్నాయని మూడో అంతస్తు ఆమెతో పెద్ద లొల్లి పెట్టుకున్నాను. పాత మల్లెపూల కక్ష కూడా అందులోనే కలిపేశాను. ప్రెసిడెంటు దిష్టి అని నిమ్మకాయా మిరపకాయలూ కట్టాను. ఇవన్నీ అయ్యాక, ఒకరోజు పూలామె వచ్చి చచ్చిన మొక్కను పీకి, వేరు వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టింది. పుల్లటి కంపు.

"గిది పెరుగు వాసన అమ్మా," అంది మెల్లగా. "దేవునికి పోసింది దేవుడు తాగుతడు గని చెట్టు తాగది. దానికి ఉత్త నీళ్ళు చాలు."

నేను అక్కడే మట్టిలో కూలబడ్డాను. చంపింది నేను. ఎవరి దిష్టీ కాదు. రోజూ దండం పెట్టి మరీ చంపాను. ముప్పై ఒకటి పోయాయి, పదకొండు కొనప్రాణంతో ఉన్నాయి. శివరాత్రికి మూడు నెలలు. టైల్స్ వచ్చేస్తాయని, మేడి కింది రాయి తీసేస్తారని, ఇక నాకు కూర్చునే చోటు ఉండదని వరసగా గుర్తుకొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. పూలామె నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

మూడో అంతస్తుకు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆమె నాకు చాయ్ ఇచ్చింది, రెండు మూరల మల్లెలు కూడా ఇచ్చింది. అవి నా తీగవే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నా జీవితంలో అట్లా ఆపుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

తీర్థం ఎటు మళ్ళించాలన్నది అసలు చిక్కు. మురుగు మోరీలోకి వదలకూడదు. నేల మీద వదిలితే తొక్కుతారు. సాయంత్రం మా ఆయనకు జరిగింది చెప్పాను. ఆయన ఎప్పటిలాగే విన్నారు. నాకు కోపం వచ్చి ముందే లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున నేను పెరట్లోకి పోయేసరికి ఆయన పంచె ఎగ్గట్టి గడ్డపారతో తవ్వుతున్నారు. హారతి పళ్ళెం తప్ప బరువు ఎత్తని చేతులు. తూము నుంచి మేడిచెట్టు మొదలు దాకా కాలువ తీసి, అటూ ఇటూ పాత ఇటుకలు పేర్చారు. పంచామృతం కింద పడకుండా లోపలే పళ్ళెంలో పట్టి భక్తులకు పంచేస్తానని, బయటికి ఉత్త నీళ్ళే వస్తాయని చెప్పారు. ఆ కాస్త నీళ్ళు కూడా మేడికి పోతాయి, అది పెద్ద చెట్టు, దత్తాత్రేయుడి చెట్టు, ఎంతైనా తాగుతుంది. ఇంత పొడుగు మాట ఆయన నోట నేను విన్నది ఎప్పుడో.

చేతులు కడుక్కుంటూ అటు తిరిగి ఇంకొకటి అన్నారు. "ఆనాడు మీటింగుల నేను మాట్లాడాల్సింది. నువ్వు మాట్లాడినవ్."

ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంత సంతోషం కలిగించిన మాట ఇంకోటి లేదు. అయినా ఏం చెయ్యాలో తెలియక, గడ్డపార ఎక్కడిదక్కడ పెట్టమని కసిరాను.

అదే రోజు ఒక పిచ్చి పని చేశాను. తల్లిమొక్కకు క్షమాపణ చెప్పుకుందామని చింతచెట్టు వెనక్కి పోయాను. రాలిన ఆకు అక్కడ జానెడు మందాన ఉంది. పటాల చాటున, ఆ ఆకుల్లోంచి తలలెత్తి ఒకటి, రెండు, పది, ఇరవై. నా మొక్కలకంటే ఎత్తుగా, దట్టంగా, కంకులు తొడుగుతూ. నలభైకి తక్కువ లేవు. తొలివానకు కాయలు పగిలి గింజలు అక్కడే పడ్డాయి. ఆ మూలకు తీర్థం పోదు. భయంతో ఎవరూ ఊడవరు. నా పాదుల దగ్గరేమో గుడి పెరట్లో ఆకు కనిపిస్తే నామర్దా అని పొద్దున్నే చీపురు పట్టి నేల మెరిసేట్టు ఊడ్చాను. మెరవనిది కంటికి ఆనని ప్రెసిడెంటును వెక్కిరించిన నేను చేసిందీ అదే. ఒక్కదాన్నే నిలబడి పెద్దగా నవ్వుకున్నాను.

చీపురు మూలన పెట్టేశాను. అప్పటిదాకా ఊడ్చి బయట పోసిన ఆకంతా సంచుల్లో మోసుకొచ్చి పదకొండు మొక్కల చుట్టూ పరిచాను. అవి పుష్యం వచ్చేసరికి మళ్ళీ చిగురించాయి. ఒక ఉదయం ప్రెసిడెంటు వచ్చి, ఆకుల గుట్టలు చూసి, ఫోన్లో ఫోటో తీసి కమిటీ గ్రూపులో పెట్టాడు. పెరడు పాడుపడిందని ఎవరెవరో రాశారు. కల్యాణం దాకా ఆగుతామన్నది మీరే కదా అని నేనూ అదే గ్రూపులో పెట్టాను.

మాఘం వచ్చింది. ఆ చీకటి పెరట్లో నారింజరంగు పూసింది. చింత కింద, సోమసూత్రం పక్కన, ఎటు చూసినా కంకులే. ఏడాది కిందట ఒక్క పువ్వు లేని చోట నిలబడి నేను పూలు లెక్కపెట్టలేక వదిలేశాను. గల్లీలో ఆడవాళ్ళందరినీ చేయి పట్టి లాక్కొచ్చి చూపించాను. మూడో అంతస్తు ఆమెకు రెండుసార్లు చూపించాను.

కానీ శివరాత్రికి వారం ముందు గేటు దగ్గర టైల్స్ పెట్టెలు దిగాయి. లోడు దొరికింది, దింపించామన్నాడు ప్రెసిడెంటు. అమ్మవారి ఉత్సవ విగ్రహం చిన్నదే, మూడు మూరల మాల చాలు. కానీ కనకాంబరం పువ్వు ఎంత పలచనో కట్టినవాళ్ళకే తెలుసు. దోసెడు పూలు పోస్తే వేలెడు మాల రాదు. వచ్చేటప్పుడు పోయేటప్పుడు ఆ పెట్టెల్ని చూస్తూ తిరిగాను.

పూలు రోజు విడిచి రోజు కోయాలని పూలామె చెప్పింది. శివరాత్రి ముందు రోజు ఒకసారి, కల్యాణం నాటి పొద్దున ఒకసారి ఇద్దరం కోశాం. అరటాకులో పోసుకుని మేడి కింద కూర్చున్నాం. ఆమె కాలి బొటనవేలికి అరటినార కట్టుకుని అల్లడం మొదలుపెట్టింది. నేను జతలు జతలుగా అందిస్తున్నాను. లోపల సన్నాయి మొదలైంది. ఆమె చివరి జత ముడి వేసి మూర కొలిచింది. రెండు మూరలు. ఇంకోసారి కొలిచింది. రెండే.

పెరట్లో ఇక ఒక్క పువ్వు లేదు. ప్రెసిడెంటు పట్టుపంచెలో, చేతిలో పళ్ళెంతో వచ్చి నిలబడ్డాడు. పళ్ళెంలో బజారు చామంతి మాల. ఏమీ అనలేదు, అదే మంచితనం ఆయనది. పూలామె తన బుట్ట వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. ఆ బుట్టలో అమ్మకానికి తెచ్చిన కనకాంబరాలు కుప్పగా ఉన్నాయి. అదే రంగు. కలిపితే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం నా మనసు అటే పోయింది, అబద్ధమెందుకు చెప్పాలి. తల అడ్డంగా ఊపాను. బజారు పువ్వు ఒక్కటి పడినా గెలిచింది నేను కాదు.

ఏం చెయ్యాలో తోచక దేవుడా అని తల పైకెత్తాను. పైన వేపచెట్టు. పాత ఆకు రాల్చి కొత్త చిగురు వేసింది. ఎర్రటి, లేత, మెత్తటి చిగురు. వేపాకు ముట్టని అమ్మవారు తెలంగాణలో ఉందా?

"అక్కా, విప్పు. పువ్వుకు పువ్వుకు నడుమ చిగురు పెట్టి కట్టు," అన్నాను.

పూలామెకు అర్థమై అప్పటికే ముళ్ళు విప్పుతోంది. నాకు కొమ్మ అందలేదు. ప్రెసిడెంటు కాసేపు చూసి, "చిగురు గూడ ఈ మట్టిదేనంటవ్," అన్నాడు. నీ కళ్ళ ముందరే ఉంది కదా అన్నా అన్నాను. ఆయన పళ్ళెం రాతి మీద పెట్టి, పట్టుపంచె ఎగదోపి, కొట్టించేద్దామన్న ఆ కొమ్మనే వంచి చిగుళ్ళు తుంచి నాకు అందించడం మొదలుపెట్టాడు. ఒక దోసెడు, ఇంకో దోసెడు. చాలన్నా వినకుండా ఇంకొంచెం.

మాల మూడు మూరలు వచ్చి జానెడు మిగిలింది. నారింజ, ఎరుపు, మళ్ళీ నారింజ. పట్టుకుని మంటపంలోకి నడిచాను. జనం జరిగి దారి ఇచ్చారు. తాళి కట్టే వేళకు అమ్మవారి మెడలో ఆ మాల తప్ప వేరే పువ్వు లేదు. అంత చక్కటి అమ్మవారిని నేను ముప్పై ఏళ్ళలో చూడలేదు. పక్కనున్నవాళ్ళందరికీ మాల ఎక్కడిదో చెప్పాను, అడగనివాళ్ళకు కూడా.

కల్యాణం అయ్యాక అమ్మవారి మాల తీసి కమిటీ ప్రెసిడెంటు మెడలో వేయడం మా గుడి మర్యాద. ఆయన ముందుకు వచ్చి అలవాటుగా మెడ వంచాడు. మా ఆయన మాల రెండు చేతులా పట్టుకుని ఆయన ఎదుట ఆగిపోయారు. వేయలేదు. మంటపమంతా చూస్తోంది.

"ఈ మాల మా ఇంటామె పూయించింది," అన్నారు ఆయన. మంత్రం చదివే గొంతుతోనే, అందరికీ వినపడేట్టు. "ముప్పై ఏండ్ల నుంచి ఈ గుడిల ఆమె ఎంత చేసిందో నేను ఒక్కనాడు ఎవ్వరికి చెప్పలే. ఇయ్యాల చెప్తున్న."

ప్రెసిడెంటు మెల్లగా మెడ ఎత్తాడు. కోపగించుకుంటాడేమో అనుకున్నాను. ఆయన పక్కకు జరిగి నాకు దారి చూపించి, "అక్కకే ఇయ్యండి పంతులుగారూ. టైల్స్ ముందటి మెట్లకు ఏసుకుందం. వెనక మట్టిని ఎవ్వరు ముట్టొద్దు," అన్నాడు.

నేను కొంగు పట్టాను. మాల కొంగులో పడింది. నాకు కళ్ళు కనపడలేదు, నీళ్ళు నిండి.

ఆ మధ్యాహ్నం ఎండ మండింది. అన్నదానానికి ముందు మంటపంలో చాపలు వేస్తే ఒక్కరూ కూర్చోలేదు. అందరూ విస్తళ్ళు పట్టుకుని వెనక పెరట్లోకి నడిచి, చెట్ల కింద రాలిన ఆకుల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ప్రెసిడెంటు మేడి కింది రాయి మీద కూర్చుని పులిహోర రెండోసారి పెట్టించుకున్నాడు. నేను కొంగులో మాలతో వాళ్ళ నడుమ నిలబడి, ఈ పెరడు నాది అనుకున్నాను. కాసేపయ్యాక పైకే అన్నాను. ఎవరూ కాదనలేదు.